పట్టీల బాబు

"ఏం చేశారండీ మా టీవీల్ని?"

ఆ గొంతు వినగానే అతని చేతిలోని రిమోట్ జారి కౌంటరు మీద పడింది.

నిజానికి అతను చేసింది చిన్న పనే. షోరూమ్ గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ ఒకే పాత సినిమా నడుస్తోంది. రోడ్డు మీద పోతున్నవాడు అద్దంలోంచి అది చూసి ఆగాడు. ఆగినవాడు లోపలికొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, ఎదురుగా ఉన్న ఒక్క టీవీని సరిచేద్దామని రిమోట్ తీసుకుని బటన్ నొక్కాడు. ఒకే కంపెనీ టీవీలన్నీ ఒకే రిమోట్ మాట వింటాయని ఆ క్షణంలో అతనికి తట్టలేదు. గోడ మీదున్నవన్నీ ఒక్కసారిగా బొమ్మని చిన్నది చేసుకుని, పైనొక నల్ల పట్టీ, కిందొక నల్ల పట్టీ కట్టుకుని కూర్చున్నాయి.

సరిగ్గా అప్పుడే పెద్ద టీవీ కొనడానికి మనసు కుదుర్చుకున్న ఒక పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటి, అన్నీ ఒకేసారి పాడైపోయాయి! వద్దులేమ్మా, ఈ కంపెనీకో దండం" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

"పాడవలేదండీ, బాగయ్యాయి" అన్నాడు అతను, వెళ్లిపోతున్న గొడుగుని చూస్తూ.

"బాగయ్యాయా? పొద్దున్నించీ ఆయనకి చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురు పోయింది. నోటిదాకా వచ్చిన బేరం! మీరెవరు? ఎదురు షాపువాళ్లు పంపారా?"

"ఎవరూ పంపలేదు. బొమ్మ తప్పుగా వేశారు, సరిచేశాను."

"తప్పేముంది? తెర నిండా ఉందిగా!"

"తెర నిండా ఉంది. అందుకే తప్పు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆ షోరూమ్ ఆమె తండ్రిది. పనివాళ్లంతా ఆమెని 'చిన్న ఓనరు' అంటారు. టీవీ అమ్మడమే కాదు, కొన్నవాళ్లింటికి తనే డ్రిల్లు పట్టుకుని వెళ్లి గోడకి బిగించి వస్తుంది. తను బిగించిన టీవీ ఇంతవరకూ ఒక్కటి కూడా వంకర పోలేదని ఆమెకి చాలా గర్వం. అలాంటి మనిషితో టీవీ గురించి తప్పూ ఒప్పూ మాట్లాడుతున్నాడు వీడెవడో.

"మీరేం చేస్తుంటారు?" అంది.

"పాత సినిమాల్ని శుభ్రం చేస్తాను. రీళ్ల మీద గీతలు, మరకలు, దుమ్ము తీసేసి, వెలిసిపోయిన రంగులు తెప్పించి, ఇళ్లలో చూసుకునేలా తయారుచేస్తాం."

"ఓహో. గీతలు తీస్తారు, మరకలు తీస్తారు. పట్టీలు మాత్రం తీయరన్నమాట."

"అవి తీస్తే సినిమా పోతుందండీ." అతనికి ఊపు వచ్చింది. "సినిమాహాల్లో తెర ఎంత వెడల్పు ఉంటుంది? మీ టీవీ అంత వెడల్పు ఉండదు కదా. వెడల్పు బొమ్మని మొత్తం ఇందులో చూపించాలంటే పైనా కిందా కొంచెం ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే మీ నల్ల పట్టీ. అది వద్దని బొమ్మని పెంచారనుకోండి, పక్కలు రెండూ తెగిపోతాయి. పక్కల్లో మనుషులుంటారు."

"మా కస్టమర్లు పక్కల్లో ఏముందో చూడరు బాబూ. పట్టీలుంటే మాత్రం టీవీ వెనక్కి తెచ్చి నా మొహాన కొడతారు. ఇంక దయచెయ్యండి, పట్టీల బాబూ!"

షాపులో పనివాళ్లు కిసుక్కున నవ్వారు. అతను చెవుల దాకా ఎర్రబడి బయటికొచ్చాడు. గర్వం మంచిది కాదని పెద్దలంటారు గానీ, చేతిలో ఉన్న పని మీద గర్వం లేనివాళ్లు ఇంత చక్కగా పోట్లాడలేరు. బయట చినుకులు మొదలయ్యాయి. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. అద్దం వెనక ఆమె రిమోట్ పట్టుకుని టీవీలన్నింటినీ మళ్లీ నిండుగా చేసేసింది. చేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అతను చూస్తున్నాడని తెలిసే నవ్వింది.

* * *

అతను పనిచేసే చోటు ఒక మేడ మీద మూడు గదులు. ఒక గదిలో రీళ్లు, ఒక గదిలో మిషన్లు, మూడో గదిలో కిటికీకి నల్ల గుడ్డ, గోడకి పెద్ద తెర. ఆ రోజు మూడో గదిలో ఆఫీసు సారు కాళ్లు చాపుకుని కూర్చుని, అతను పూర్తి చేసిన సినిమా చూశాడు.

"అద్దంలా ఉందోయ్. ఇది అంత పాతదంటే ఎవరూ నమ్మరు. ఇంక ఆ పట్టీలు కూడా తీసెయ్, వచ్చే నెల ఇళ్లకి వదిలేద్దాం."

"సార్, అవి మరకలు కావు."

"జనానికి తెలీదు కదా! పోయిన సినిమా పట్టీలతో వదిలాం. ఎన్ని ఫోన్లొచ్చాయో గుర్తుందా? ఒకావిడ మెకానిక్‌ని పిలిపించి టీవీ విప్పించి, ఏమీ లేదని తేలాక మనల్ని తిట్టింది. నాకీ తిట్లు అరగవు."

"ఇది మా తాతయ్య సినిమా సార్."

సారు కాళ్లు దించాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఈ సినిమాకి కెమెరా పట్టింది అతని తాతయ్య. వెడల్పు తెర కోసం ఒక్కో దృశ్యం కొలిచి కొలిచి తీసిన మనిషి. హాళ్లలో ఆడి వెళ్లిపోయాక ఆ సినిమా చాలాకాలానికి టీవీలో వచ్చింది. పక్కలు రెండూ కోసేసిన కాపీ. అందులో ఆయన ప్రాణం పెట్టి తీసిన దృశ్యంలో ఒక తల్లి ఉండాలి, లేదు. "తల్లిని కోసేసిన పెట్టె నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు" అని ఆ రోజే టీవీ ఎవరికో ఇచ్చేశాడు. మళ్లీ కొననివ్వలేదు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, హాలు మెట్లు ఎక్కలేడు. తన సినిమాని పూర్తిగా మళ్లీ చూడాలంటే ఇంట్లోనే చూడాలి. 'కోయకుండా తెస్తాను తాతయ్యా' అని మనవడు మాటిచ్చాడు.

"నీ బాధ నాకు తెలుసు" అన్నాడు సారు. "కానీ నువ్వు మనవడివి, నీ మాట నేను నమ్మను. నేను వ్యాపారిని, నా మాట నువ్వు నమ్మవు. మధ్యేమార్గం చెప్తాను. ఇళ్లలో జనం ఏం చూస్తారో టీవీలు అమ్మేవాళ్లకి తెలుసు. ఏదో ఒక టీవీ షాపువాళ్ల చేత 'ఇలాగే వదలండి, జనం చూస్తారు' అని నా ముందు చెప్పించు. అలాగే వదిలేస్తా. లేదంటే పక్కలు కోసేద్దాం."

టీవీ షాపు! అతనికి తెలిసిన టీవీ షాపు ఈ లోకంలో ఒక్కటే.

* * *

"అమ్మో, వచ్చాడు! రిమోట్లన్నీ లోపల దాచేయండి!" అని అరిచింది చిన్న ఓనరు.

అతను గుమ్మం దగ్గరే ఆగి రెండు చేతులూ పైకెత్తాడు. వానలో తడిసి, జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆమె జాలిని లోపల పెట్టుకుని నవ్వుని మాత్రం బయటికి వదిలింది.

"ఏదీ ముట్టుకోనండీ. సాయం అడగడానికి వచ్చాను."

"తిట్టించుకున్నచోటికే వచ్చారా సాయానికి? భలే ధైర్యం."

"తిట్టగలిగినవాళ్లే నిజం చెప్పగలరు."

ఆ మాట ఆమెకి నచ్చింది. నచ్చినట్టు కనిపించకుండా ఒక తుడుచుకునే గుడ్డ అతని మీదికి విసిరింది. టీవీలు తుడిచే గుడ్డే, కానీ ఉతికినది. అతను తల తుడుచుకుంటూ తాతయ్య సంగతీ సారు పెట్టిన మెలికా అంతా చెప్పాడు.

"నేను అబద్ధం చెప్పను" అంది ఆమె. "చూసి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్తాను. మీ సారు ముందే చెప్తాను."

"అదే కావాలి నాకు."

మర్నాడు షాపు తండ్రికి అప్పగించి ఆమె మేడ మీది మూడో గదికి వచ్చింది. వస్తూనే గోడకున్న తెర కొంచెం ఎడమకి వాలిందని చెప్పి, కుర్చీ ఎక్కి సరిచేసింది. అతను మొదట కోసిన కాపీ వేశాడు.

"ఇది నేను చిన్నప్పుడు టీవీలో చూశాను!" అంది ఆమె ఉత్సాహంగా. "ఈ పిల్ల వెళ్లిపోతూ లారీ దగ్గర నిలబడి ఎవరూ లేనిచోటికి అదే పనిగా చెయ్యి ఊపుతుంది. పాపం, ఈ పిల్లకి కొంచెం తిక్కేమో అనుకునేదాన్ని."

అతను అసలు కాపీ వేశాడు.

తెర వెడల్పంతా ఒక మట్టి దారి. కుడివైపు, అంచుకి కొంచెం ఇవతల, లారీ పక్కన కూతురు, చేతిలో సంచి. మధ్యలో ఏమీ లేదు, దారి ఒక్కటే. ఎడమ చివర, తెర అంచున, ఇంటి గుమ్మంలో తల్లి. ఆమె చెయ్యి ఊపదు. తడి చేతుల్ని బట్టకి తుడుచుకుంటూ ఉంటుంది, ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంటుంది. కూతురు చెయ్యి ఊపుతుంటే తల్లి తుడుచుకుంటుంది. లారీ కదిలాక తల్లి చెయ్యి ఒక్కసారి పైకి లేస్తుంది. అప్పటికి కూతురు ఇటు చూడటం లేదు.

"డైరెక్టరు గారు ఇద్దరి మొహాలూ దగ్గర్నించి విడివిడిగా తీద్దామన్నారట" అన్నాడు అతను మెల్లగా. "తాతయ్య ఒప్పుకోలేదు. 'ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండాలి, మధ్యలో దారంతా ఉండాలి, ఆ దారే ఏడిపిస్తుంది' అన్నాడట. పెద్ద గొడవ. చివరికి ఆయన మాటే నెగ్గింది."

ఆమె కళ్లు గట్టిగా తుడుచుకుంది.

"ఏమైందండీ?"

"దుమ్ము పడింది. సినిమాలో దుమ్మంతా తీస్తారు గానీ గదిలో తీయరా?" అని కసిరింది. గొంతు మాత్రం కసిరినట్టు లేదు. తెర వెలుగులో ఆమె బుగ్గ మీద తడి మెరిసింది, అతను తల తిప్పుకుని మిషను వైపు చూశాడు. చూడకూడదని కాదు, చూస్తే ఇంకేదో అనేసేలా ఉన్నాడు.

"పట్టీల బాబూ" అంది ఆమె. "మీ సారుకి నేను నచ్చిందని చెప్తే ఏం లాభం? రేపు ఇంకో సినిమాకి మళ్లీ ఇదే గొడవ. ఆయనకి జనమే చెప్పాలి. ఆదివారం షాపుకి తీసుకురండి. రెండు కాపీలూ తేండి. జనానికి వస్తువు ఎలా చూపించాలో నాకొదిలెయ్యండి. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరు."

"గొప్పలు చెప్పుకోవడంలో కూడానా?"

"అందులో మీ తర్వాతే."

* * *

ఆ వారమంతా ఫోన్లే ఫోన్లు. మొదట ఏ టీవీ పెట్టాలి, ఎంత శబ్దం పెట్టాలి అని. తర్వాత భోంచేశారా, వాన తగ్గిందా అని. తర్వాత ఏ కారణమూ దొరక్క, ఉత్తినే.

శనివారం షాపు మూసే వేళ, ఆమె టీవీ పెట్టెల వెనక నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. ఆమె తండ్రి షట్టరు తాళం కోసం వెతుక్కుంటూ అటువైపు వచ్చి, కూతురి మాటలు చెవినపడి ఆగిపోయాడు.

"...పట్టీలు ఉండాల్సిందేనండీ, నేనెప్పుడో ఒప్పేసుకున్నాను... ఊహూఁ, రెండూ సమానంగా ఉండాలి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే నేను ఊరుకోను... నల్లవే బాగుంటాయి, వేరే రంగెందుకు... నిజం చెప్పనా? మీ పట్టీలు నాకు అలవాటైపోయాయి... నాన్నకా? ఇంకా చెప్పలేదు. రేపు మీరు తీసుకురండి, అందరి ముందూ తేల్చేద్దాం."

తండ్రి తాళం సంగతే మర్చిపోయాడు. ఎవడో కుర్రాడు తన కూతురి కాళ్లకి పట్టీలు తెస్తున్నాడు! అదీ రేపే, అందరి ముందూ! ఆయన రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. అన్నింటికన్నా ఆయన్ని తొలిచేసింది ఒక్కటే. నల్ల పట్టీలేమిటి? వెండివి తేలేడా?

ఆదివారం ఆకాశం పొద్దున్నించీ మొహం మాడ్చుకునే ఉంది. అతను సారుని వెంటబెట్టుకుని షాపులో అడుగు పెట్టగానే తండ్రి ఎదురొచ్చాడు. గీతల చొక్కా, బిగించిన పెదాలు.

"పట్టీలు తెచ్చావా?" అన్నాడు నేరుగా.

"తెచ్చానండీ" అన్నాడు అతను సంతోషంగా. చిన్న ఓనరు అంతా చెప్పేసిందనుకున్నాడు. "రెండు రకాలూ తెచ్చాను. పట్టీలున్నదొకటి, లేనిదొకటి. అందరికీ చూపించి ఏది బాగుందో అడుగుదాం."

"అందరికీ చూపిస్తావా!" తండ్రి గొంతు లేచింది. "మా అమ్మాయి కాళ్లకి పట్టీలు నేను కొనలేననుకున్నావా? ఈ షాపు ఎవరిదనుకున్నావు?"

"కాళ్లకా?"

"మరి చేతులకా?"

అతను చేతిలోని రెండు కాపీల్నీ చూసుకున్నాడు. పెట్టెల వెనకనుంచి చిన్న ఓనరు పరుగెత్తుకొచ్చింది. "నాన్నా! కాళ్లకి కాదు, టీవీకి!"

"టీవీకి పట్టీలేంటే?"

ఆమె గబగబా టీవీ వేసి పైనా కిందా ఉన్న నల్ల పట్టీల్ని వేలు పెట్టి చూపించింది. తండ్రి వాటిని చూశాడు, కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. సారు అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు.

"అంటే" అన్నాడు తండ్రి చివరికి, కొంచెం నీరసంగా, "మా అమ్మాయికి ఏమీ తేలేదన్నమాట."

కూతురు మొహం కందిపోయింది. అతను నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. అంతవరకూ ఇద్దరూ లోపల దాచుకున్న మాటని పెద్దాయన పొరపాటున బయటపెట్టేశాడు. ఇంక ఎవరికి వాళ్లు తెలీనట్టు నటించడానికి కూడా లేకుండా పోయింది.

అప్పుడే ఫెళ్లున ఉరిమి వాన కుండపోతగా మొదలైంది. రోడ్డు మీద జనం షాపు ముందున్న రేకు కిందికి పరుగెత్తుకొచ్చారు.

"లోపలికి రండి! తడవకండి! కొనక్కర్లేదు, ఊరికే కూర్చోండి" అని పిలిచింది చిన్న ఓనరు. పిలుస్తూ అతనివైపు చూసి కన్ను గీటింది.

రెండు సమానమైన టీవీలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో తెర నిండిన బొమ్మ, ఒకదాంట్లో పట్టీలున్న బొమ్మ. వచ్చినవాళ్లంతా చూపులు కూడా తిప్పకుండా నిండు బొమ్మ ముందుకే చేరారు.

"చూశావా?" అన్నాడు సారు. అతని మొహం వాడిపోయింది. తాతయ్యకి ఏం చెప్పాలో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆమె మాత్రం తొణకలేదు. చక్రాల బల్లల మీదున్న టీవీల్ని చెరోవైపూ తిప్పేసింది. జనాన్ని సగం అటు, సగం ఇటు కూర్చోబెట్టింది. ఒకవైపువాళ్లకి రెండోవైపు తెర కనబడదు. వానలో కలిసొచ్చిన మొగుడూ పెళ్లాలు కూడా చెరోవైపూ పడ్డారు. అప్పుడు ఆ ఒక్క దృశ్యం వేసింది. అయిపోగానే మధ్యలో నిలబడి అడిగింది.

"ఆ అమ్మాయి ఎవరికి చెయ్యి ఊపుతోంది?"

"లారీ డ్రైవరుకేమో" అన్నాడు నిండు తెర వైపున్న మొగుడు.

"డ్రైవరేంటి మీ మొహం! వాళ్లమ్మకి" అంది ఇటువైపునుంచి భార్య.

"అమ్మెక్కడుంది? అసలు అమ్మే లేదు."

"గుమ్మంలో నిలబడలేదూ? చేతులు తుడుచుకుంటూ!"

"గుమ్మమే లేదంటుంటే! నిద్రపోయావా?"

"నిద్రపోయింది మీరు! ఇంట్లో కూడా ఇంతే, ఎదురుగా ఉన్న మనిషి కనబడదు మీకు!"

అందరూ గొల్లుమన్నారు. అటువైపువాళ్లు డ్రైవరంటారు, ఇటువైపువాళ్లు అమ్మంటారు. మాటా మాటా పెరిగింది. చివరికి మొగుడు పంతంగా లేచి ఇటువైపు వచ్చాడు, అతని వెనక మిగతావాళ్లూ వచ్చారు. ఆమె మళ్లీ వేసింది. ఈసారి షాపంతా ఒకే తెర ముందుంది. తల్లి చెయ్యి పైకి లేచినప్పుడు బయటి వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"అయ్యో, తల్లిని కోసేశారా అందులో?" అంది ఆ భార్య.

"అది సరే" అన్నాడు మొగుడు, ఓడిపోవడం ఇష్టం లేక. "తల్లినీ ఉంచి, ఈ నల్లవి కూడా తీసేయొచ్చుగా?"

అతను గొంతు సవరించుకుని వెడల్పూ కొలతా మొదలుపెట్టబోయాడు. ఆమె చేత్తో ఆపింది.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో అందరూ కలిసి గ్రూప్ ఫొటో దిగారనుకోండి. కొన్న ఫ్రేములో పట్టలేదు. చివర నిలబడ్డ మేనత్తని కత్తిరించేస్తారా, లేక పైనా కిందా కొంచెం ఖాళీ ఉన్నా పర్లేదు, అందరం ఉండాలంటారా?"

"మా మేనత్తనైతే..." అని మొదలుపెట్టి, భార్య చూపు చూసి మింగేశాడు. "అందరం ఉండాలమ్మా."

ఆమె సారు వైపు తిరిగింది. "ఇలాగే వదలండి సార్. జనం చూస్తారు. టీవీలు అమ్మేదాన్ని, నేను చెప్తున్నాను."

"ఫోన్లొస్తేనో?"

"నా నంబరు ఇవ్వండి. మేనత్త కథ నేను చెప్తాను."

సారు పెద్దగా నవ్వి రెండు చేతులూ జోడించాడు. అతను మాత్రం నవ్వలేదు. ఆమెని అలా చూస్తూ ఉండిపోయాడు. అన్నాళ్లుగా ఎంతమందికో కొలతలతో చెప్పి ఓడిపోయినవాడు, మేనత్తతో గెలిచిన మనిషిని చూస్తున్నాడు. అతని ఛాతీ ఉప్పొంగింది, తనే గెలిచి ఉన్నా అంత ఉప్పొంగేది కాదు.

* * *

సినిమా ఇళ్లకి విడుదలైన రోజు సాయంత్రం, తాతయ్య ఇంట్లోకి టీవీ వచ్చింది. చిన్న ఓనరే డ్రిల్లు పట్టుకుని వచ్చి బిగించింది. తండ్రి కూడా వెంట వచ్చాడు. టీవీ మోయడానికి అన్నాడు గానీ, వచ్చిన దగ్గర్నించీ ఇల్లూ వాకిలీ చూస్తున్నాడు తప్ప టీవీ మీద చెయ్యి వెయ్యలేదు.

తాతయ్య ఒక కన్ను మూసి గోడ వైపు చూశాడు. "వంకర లేదు" అన్నాడు. ఆయన నోట అంతకన్నా మెచ్చుకోలు రాదని మనవడికి తెలుసు. అందుకే ఆమెని చూసి మురిసిపోయాడు.

సినిమా మొదలైంది. పేర్లు పడుతున్నాయి. టీవీ చప్పుడు విని పక్కింటాయన తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏంటి మాస్టారూ, మీ ఇంట్లో టీవీయా! అరెరే, కొత్త టీవీకి పైనా కిందా నల్లబడిందే? వెంటనే వెనక్కిచ్చేయండి."

మనవడు నోరు విప్పేలోపే ఆమె తండ్రి కుర్చీలోంచి లేచాడు. ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నల్లబడలేదండీ. సినిమా అలాగే ఉంటుంది, అలాగే చూడాలి. అడ్డమైన కోతలూ కోయకుండా మా అల్లుడు తయారుచేశాడు."

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. తను ఏమన్నాడో అప్పుడు తెలిసి ఆయన కూడా తన వైపు తాను తిరిగి చూసుకున్నట్టు బిత్తరపోయాడు.

"నాన్నా!" అంది కూతురు. "ఆయన నన్నింకా అడగనే లేదు."

"అడగలేదా? ఇన్ని ఫోన్లు మాట్లాడి?"

"ష్!" అన్నాడు తాతయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా. "సినిమా నడుస్తోంది. పెళ్లి మాటలు ఇంటర్వెల్‌లో."

"ఇంట్లో ఇంటర్వెల్ మనిష్టం తాతయ్యా" అని ఆమె రిమోట్ తీసుకుని బొమ్మని ఆపేసింది. అతని వైపు తిరిగి చేతులు కట్టుకుంది. "ఊఁ, అడగండి."

అతను లేచి నిలబడ్డాడు. రీళ్లకి రీళ్లు శుభ్రం చేసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాకు మాటలు రావు" అన్నాడు. "ఏ విషయమైనా పొడుగ్గా చెప్పి చెడగొడతాను. మీరు ఒక్క మాటలో చెప్తారు. నేను చేసిన పనిని నలుగురి ముందూ నిలబెట్టింది మీరు. ఆ రోజు షాపులో మిమ్మల్ని చూస్తే, ఈమె నా మనిషైతే ఎంత గొప్పగా ఉంటుందో అనిపించింది. ప్రేమిస్తున్నాను. పెళ్లి చేసుకుంటారా?"

"పొడుగ్గానే చెప్పావు" అంది ఆమె. మొదటిసారి 'నువ్వు' అంది, ఆ సంగతి గదిలో అందరికీ వినిపించింది. "కానీ చెడగొట్టలేదు. చేసుకుంటాను. ఇంక కూర్చో, తాతయ్య సినిమా చూడాలి."

తండ్రి కళ్లు ఒత్తుకుంటూ పక్కింటాయనకి కుర్చీ జరిపాడు. సినిమా మళ్లీ నడిచింది. వాళ్లిద్దరూ తాతయ్యకి చెరోపక్కా కూర్చున్నారు. దారి వచ్చింది. లారీ వచ్చింది. ఆ వైపు కూతురు, ఈ చివర తల్లి.

తాతయ్య మోకాళ్ల మీద చేతులూని లేచి, మెల్లగా తెర దగ్గరికి వెళ్లాడు. గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న తల్లిని చూశాడు. చూపుతోనే దారి పొడవునా నడిచి లారీ పక్కనున్న కూతురి దాకా వెళ్లాడు. తల్లి చెయ్యి పైకి లేచే దాకా కదలలేదు.

"ఉంది" అన్నాడు. "నేను తీసినంతా ఉంది."

"ఇది మీరు తీశారా మాస్టారూ?" అన్నాడు పక్కింటాయన, ఇన్నేళ్లూ గోడకి ఇవతల ఎవరున్నారో అప్పుడే తెలిసినట్టు.

"నేనే తీశాను" అన్నాడు తాతయ్య, నడుం నిటారుగా చేసుకుని. మనవడి మీద ఒక చెయ్యి, ఆమె మీద ఒక చెయ్యి వేశాడు. "ఒక్క ముక్క కూడా పోకుండా ఇంటికి తెచ్చింది వీళ్లిద్దరూ."